మొదటి ఆసామికే ఎనిమిది మెయిళ్లు

ప్రశ్న: పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తుంటాను. రోజూ పొద్దున్న గ్రేడ్ల వారీ ధరల పట్టికను ఎనిమిది మంది కొనుగోలుదార్లకు మెయిల్ చేయడానికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. ముందు ‘ఈమెయిల్‌మెసేజ్’ క్లాసు వాడితే పట్టిక బదులు హెచ్‌టీఎంఎల్ ట్యాగులే కనిపించాయి. నెట్‌లో వెతికి ‘మైమ్‌మల్టీపార్ట్’కి మార్చాను. పట్టిక బాగానే వచ్చింది గానీ, ఎనిమిది మెయిళ్లూ మొదటి ఆయనకే వెళ్తున్నాయి. మిగతావాళ్లకు ఒక్కటీ లేదు.

జవాబు: వ్యాపారానికి చేటు తెచ్చేది రెండోది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. మీరు పంపిన కోడ్‌లో మెసేజ్‌ను లూప్ బయట ఒక్కసారే తయారుచేసి, లోపల ‘టూ’ హెడర్‌కి ఒక్కో చిరునామా ఇస్తున్నారు. పైథాన్ డిక్షనరీలోనైతే పాతది పోయి కొత్తది వచ్చి కూర్చుంటుంది. మెయిల్ హెడర్ రాసే తీరు చూడ్డానికి అలాగే ఉన్నా, అది పాతదాన్ని చెరపదు. దాని కిందనే ఇంకో ‘టూ’ చేరుస్తుంది. దారిలో ప్రతి సర్వరూ రాసే ‘రిసీవ్డ్’ లాంటి హెడర్లు ఒకే మెయిల్‌లో అరడజను ఉండటం మామూలే, అందుకని ఆ ఏర్పాటు. పంపే ‘సెండ్_మెసేజ్’ మాత్రం మొదటి ‘టూ’ ఒక్కటే చదువుకుంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ ఆసామి ఎనిమిదో మెయిల్ తెరిచి ‘షో ఒరిజినల్’ నొక్కితే మిగతా ఏడుగురి చిరునామాలూ వరసగా కనిపిస్తాయి. మీ కొనుగోలుదార్లెవరో ఊరికి తెలియడం కన్నా డబ్ల్యూ 320 గ్రేడు పప్పు ధర పది రూపాయలు పడిపోవడమే నయం!

‘డెల్’తో పాత ‘టూ’ను తీసేసి కొత్తది ఇస్తే సరిపోతుంది. నన్నడిగితే మెసేజ్‌ను లూప్ లోపలే ప్రతిసారీ కొత్తగా కట్టండి. ఎనిమిది మెసేజ్‌లు కట్టడం కంప్యూటర్‌కు రెప్పపాటు పని కూడా కాదు.

అసలు మీరు వదిలేసిన ‘ఈమెయిల్‌మెసేజ్’ క్లాసే సరైనది. పైథాన్ 3.6 నుంచి కొత్త ప్రోగ్రాములకు వాడవలసింది అదే. నెట్‌లో దొరికే ‘మైమ్‌టెక్స్ట్’, ‘మైమ్‌మల్టీపార్ట్’ నమూనాలు చాలావరకు అంతకుముందు కాలానివి. ఈ క్లాసులో రెండో ‘టూ’ ఇస్తే ‘వాల్యూఎర్రర్’ అంటూ ప్రోగ్రాం అక్కడే ఆగిపోయేది. నోరు మూసుకుని తప్పుడు పని చేసే లైబ్రరీ కన్నా కసిరే లైబ్రరీ వెయ్యి రెట్లు మేలు.

మరి ట్యాగులెందుకు కనిపించాయి? ‘సెట్_కంటెంట్’కి ఏ వాక్యం ఇచ్చినా, వేరే చెప్పకపోతే, మామూలు టెక్స్ట్ అనే అనుకుంటుంది. ‘సబ్‌టైప్’ దగ్గర ‘హెచ్‌టీఎంఎల్’ అని చెప్పాలి. అక్కడితో ఆగకండి. ముందు ‘సెట్_కంటెంట్’తో ధరలను మామూలు టెక్స్ట్‌గా, గ్రేడుకో వరస చొప్పున పెట్టండి. ఆ తర్వాత ‘యాడ్_ఆల్టర్నేటివ్’తో పట్టిక చేర్చండి. ఈ వరస తిరగబడకూడదు. ఒకే విషయానికి రెండు రూపాలుంటే చివర ఉన్నదే శ్రేష్ఠమని 1996 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2046 నియమం. మెయిల్ యాప్‌లు తాము చూపగలిగిన వాటిలో చివరిదాన్ని తీసుకుంటాయి.

రేపు మీరు పీడీఎఫ్ కూడా జతచేస్తారు, ఆ తర్వాత ధర మారిందని యజమాని కేకేస్తారు. అప్పుడు అదే మెసేజ్ మీద మళ్లీ ‘సెట్_కంటెంట్’ పిలిస్తే ‘టైప్‌ఎర్రర్’ వస్తుంది. ఎందుకంటే జత చేరాక మెసేజ్ మీరు రోజూ చూసే కార్టన్ లాంటిదైపోతుంది: పైన చిరునామా, లోపల వేర్వేరు డబ్బాలు. సరుకు మార్చాలంటే డబ్బా తెరవాలి గానీ కార్టన్ మీద పోస్తే లాభం లేదు. ‘గెట్_బాడీ’కి ‘హెచ్‌టీఎంఎల్’ కావాలని చెప్పి ఆ భాగాన్ని పట్టుకుని, దాని మీద ‘సెట్_కంటెంట్’ పిలవండి. టెక్స్ట్ భాగానికీ విడిగా అదే చేయాలి. చాలామంది దీన్ని మరిచిపోతారు. ఇక పాత ధర ఒకరికి, కొత్త ధర ఒకరికి!

ప్రశ్న: విజయనగరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. మా విభాగానికి వచ్చే మెయిళ్లను చదివి, అడుగున ఒక తెలుగు నోటీసు చేర్చి, అధ్యాపకులకు పంపించడం మా ప్రాజెక్టు. ‘గెట్_పేలోడ్’ పిలిస్తే అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాల గుట్ట వస్తోంది. నోటీసు చేర్చి పంపినవి స్పామ్‌లో పడుతున్నాయి.

జవాబు: ఆ గుట్ట చెత్త కాదమ్మా, బేస్64. 1982లో మెయిల్ పంపే పద్ధతి ఎస్‌ఎంటీపీకి నియమాలు రాసినప్పుడు మెయిల్ అంటే ఏడు బిట్ల ఇంగ్లిష్ అక్షరాలే. తెలుగూ బొమ్మలూ ఆ దారిలోనే పోయేలా 1992లో నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ మైమ్ పద్ధతి తెచ్చారు. మూడు బైట్లను నాలుగు ఇంగ్లిష్ గుర్తులుగా మారుస్తారు. యూటీఎఫ్-8లో ‘క’ మూడు బైట్లు, కాబట్టి నాలుగు గుర్తులవుతుంది. మీరు నోటీసును ఆ గుర్తుల చివర అతికిస్తుంటే మెయిల్ చెడక ఏమవుతుంది?

‘మెసేజ్_ఫ్రమ్_బైట్స్’ పిలిచేటప్పుడు ‘పాలసీ’ దగ్గర ‘డిఫాల్ట్’ అని తప్పకుండా ఇవ్వండి. పేరు డిఫాల్టే గానీ ఇవ్వకపోతే వచ్చేది వేరే: ‘గెట్_బాడీ’ లేని పాత క్లాసు. పేరు పెట్టినవారి చమత్కారం! తర్వాత ‘గెట్_బాడీ’, దాని మీద ‘గెట్_కంటెంట్’. చక్కటి తెలుగు వస్తుంది. నోటీసు చేర్చి అదే భాగానికి ‘సెట్_కంటెంట్’తో తిరిగి ఇవ్వండి. అయితే ఇది ఆ భాగానికున్న ‘కంటెంట్-’ హెడర్లన్నింటినీ తుడిచి కొత్తగా రాస్తుంది. హెచ్‌టీఎంఎల్ భాగమైతే సబ్‌టైప్ మళ్లీ చెప్పాలి, నోటీసు బాడీ ట్యాగు ముగిసే చోటుకు ముందు పడాలి.

స్పామ్ సంగతి కోడ్‌తో తీరేది కాదు. పంపిన సర్వర్, మెయిల్ తనదేనని రుజువుగా డీకిమ్ అనే డిజిటల్ సంతకం చేసేటప్పుడు మెయిల్ బాడీకి కూడా ముద్ర వేస్తుంది. మీరు ఒక్క వరస చేర్చినా ముద్ర చెడుతుంది. ‘ఫ్రమ్’లో మాత్రం అసలు పంపినవారి పేరే ఉంటుంది. అవతలి సర్వర్‌కు ఇది దొంగ మెయిల్‌లా కనిపించడంలో వింతేముంది? అందుకే మీ విభాగం చిరునామాతో కొత్త మెయిల్ కట్టి, అందులో నోటీసు రాసి, వచ్చిన మెసేజ్‌ను ముట్టుకోకుండా ‘యాడ్_అటాచ్‌మెంట్’తో జతచేయండి. అది మెసేజ్‌ను కూడా తీసుకుంటుంది. అసలు పంపినవారి చిరునామా ‘రిప్లై-టూ’లో పెడితే జవాబులు వారికే వెళ్తాయి. మీ మొదటి ప్రశ్న కన్నా ఇదే పెద్ద మార్పు, గైడ్‌తో మాట్లాడి ప్రాజెక్టు ఇలా మార్చుకోండి.

ప్రశ్న: బొబ్బిలి వీణ మీద మా అమ్మాయి వాయించిన 20 ఎంబీ వీడియో. జీమెయిల్ పరిమితి 25 ఎంబీ అంటారు కదా, నా ప్రోగ్రాంతో పంపితే తిరగ్గొడుతోందేం?

జవాబు: పైన చెప్పిన బేస్64 వల్లే కావచ్చు. మూడు నాలుగైతే 20 కాస్తా 26 దాటుతుంది. డ్రైవ్‌లో పెట్టి లింకు పంపండి.

ప్రశ్న: రాజాం నుంచి రాస్తున్నాను. పాస్‌వర్డ్ సరిగానే ఉన్నా ప్రోగ్రాం నుంచి జీమెయిల్ లాగిన్ కావట్లేదు.

జవాబు: 2022 మే 30 తర్వాత వ్యక్తిగత ఖాతాలకు ఆ దారి మూసేశారు. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకుని అది వాడండి. దాన్ని కోడ్‌లోనే రాసి, ఆ కోడ్‌ను మాలాంటివాళ్లకు సందేహంతో పాటు పంపకండి. ఈసారి మీరు పంపినదాంట్లో ఉన్న పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చేసుకోండి.