అరవై దాటినవారికి పార్కు టికెట్ మాఫీ ఉంటుందా?

కాకినాడలో మీ నాన్నగారికి పార్కు టికెట్ మాఫీ అవుతుందా అని అడిగారు. దేశమంతటికీ వర్తించే మాఫీ ఏదీ లేదండి. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల సంక్షేమ చట్టం 60 ఏళ్లు నిండినవారిని సీనియర్ సిటిజన్లు అంటుంది గానీ పార్కు టికెట్ ఊసెత్తదు. రాజ్యాంగం 12వ షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థల అంశాల్లో పార్కులూ ఉన్నాయి. కాబట్టి కార్పొరేషన్ పార్కయితే అక్కడే అడగాలి. కోరింగ అభయారణ్యం మాత్రం అటవీ శాఖది, అక్కడ కార్పొరేషన్ మాట చెల్లదు.

ముందు గేటు దగ్గర రేట్ల బోర్డు చూడండి, ఆధార్ వెంట ఉంచుకోండి. మాఫీ లేకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్లందరూ సంతకాలు చేస్తే మంచిది. రోజంతా కాకుండా పొద్దుటి నడక వేళకే ఉచితం అడిగితే ఒప్పుకోవడం తేలికని నా ఉద్దేశం.