ఇల్లు నీ పేరుకి మార్పించుకోకు

చి.సౌ. అమ్మాయికి బాబాయ్ ఆశీస్సులు.

స్ట్రోక్ వచ్చి రిహాబ్‌లో ఉన్న అన్నయ్యకి, అంటే మీ నాన్నకి, మెడికేర్ (ఇక్కడ పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఇంకెన్నాళ్లో ఇవ్వదని సోషల్ వర్కర్ అన్నదని, ఆలోపు టెక్సస్‌లోని ప్లేనో ఇల్లు గిఫ్టు డీడుతో నీ పేరుకి మార్పిస్తే గవర్నమెంటు చేతికి చిక్కదని ఎవరో చెప్పారని రాశావు. ఆ పని మాత్రం చెయ్యకు. ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకు అన్నయ్య చేత ఏ దస్తావేజు మీదా సంతకం పెట్టించకు.

మన ఊళ్లో నర్సింగ్ హోం అంటే డాక్టరు గారి చిన్న ఆస్పత్రి. ఇక్కడ అది మంచం దిగలేని మనిషిని ఏళ్ల తరబడి చూసుకునే చోటు. ఆస్పత్రిలో మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉండి వచ్చిన వాళ్లకి మెడికేర్ ఇచ్చేది మహా అయితే 100 రోజులు. మొదటి 20 రోజులు ఉచితం. 21వ రోజు నుంచి 2025 లెక్కన రోజుకి 209.50 డాలర్లు మనమో, సప్లిమెంట్ పాలసీయో కట్టాలి. నర్సు, థెరపిస్టు చెయ్యాల్సిన పని ఉన్నంతకాలమే ఆ వంద రోజులైనా. స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం మెడికేర్ పద్దులోకి రావు. అవి మెడికెయిడ్ పద్దు. అది డబ్బు లేని వాళ్ల పథకం కాబట్టి అన్నయ్య పేరున లెక్కలోకొచ్చే ఆస్తి 2,000 డాలర్లు మించకూడదు.

అయితే ఆ రెండు వేల లెక్కలోకి ఇల్లు రాదు. అందరూ తప్పులో కాలేసేది ఇక్కడే. అన్నయ్య "కోలుకుంటే మా ఇంటికే వెళ్తాను" అని రాసిస్తే, ఇంట్లో ఆయన వాటా విలువ అప్పులు పోను 7,30,000 డాలర్లు (2025 లెక్క) మించకుండా ఉంటే, ఇల్లు ఆయన పేరునే ఉండగా మెడికెయిడ్ వస్తుంది. డాక్టర్లు "వెళ్లలేడు" అన్నా ఫరవాలేదు, ఉద్దేశం ఆయనది. హెచ్1200 అనే మెడికెయిడ్ దరఖాస్తుతోపాటు ఆ ఉద్దేశం కాగితం మీద ఉండాలి, అంతే.

మరి ఇంటికి ప్రమాదం ఎప్పుడు? ఆయన పోయాక. 55 ఏళ్లు దాటిన వాళ్ల మీద నర్సింగ్ హోంకి పెట్టిన ఖర్చు వాళ్లు వదిలి వెళ్లిన ఆస్తి నుంచి రాబట్టమని 1993 ఫెడరల్ చట్టం రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. దాన్నే ఎస్టేట్ రికవరీ అంటారు. టెక్సస్‌లో ఇది 2005 మార్చి 1 నుంచి ఉంది. నెలకి 5,500 చొప్పున ముప్ఫై నెలలు కట్టారనుకో, 1,65,000 డాలర్లకి క్లెయిము వస్తుంది. కానీ టెక్సస్ పట్టుకునేది ప్రొబేట్ కోర్టు (పోయినవాళ్ల ఆస్తి ఎవరికన్నది తేల్చే కోర్టు) దారిలో వారసులకి దిగే ఆస్తినే. ప్రొబేట్ గడప తొక్కకుండా ఇల్లు మీకు చేరితే క్లెయిముకి అందదు. కాబట్టి ఆలోచించాల్సింది ఇల్లు ఇవాళ ఎవరి పేరున ఉందని కాదు, ఆయన పోయిన రోజున ఏ దారిలో మీకు దిగుతుందని.

ఇప్పుడు గిఫ్టు డీడు సంగతి. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి వెనక్కి 60 నెలల్లో ఇచ్చిన ప్రతి కానుకా వాళ్లు అడుగుతారు. ఏటా 19,000 దాకా ఇవ్వచ్చు కదా అంటారు కొందరు. అది ఇన్‌కం టాక్సు వాళ్ల గిఫ్టు రూలు, మెడికెయిడ్‌కి దానితో సంబంధం లేదు. ఇల్లు 3,60,000 అనుకుందాం. నర్సింగ్ హోంకి రాష్ట్రం లెక్కగట్టే రోజు ఖర్చు 240 అనుకుంటే, భాగిస్తే 1,500 రోజులు. నాలుగేళ్ల పైచిలుకు మెడికెయిడ్ రాదు, అదే శిక్షా కాలం. ఆ 1,500 రోజులు డీడు రాసిన రోజు నుంచి లెక్క కావు. అన్నయ్య నర్సింగ్ హోంలో చేరి, చేతిలో డబ్బంతా అయిపోయి, మిగతా అర్హతలన్నీ కుదిరి, "ఇక ఇవ్వండి" అని అడిగిన రోజు నుంచి మొదలవుతాయి. జేబులో రెండు వేలు, ముందు నాలుగేళ్ల బిల్లు. ఇప్పటికే ఎవరైనా అలా రాయించేసి ఉంటే విరుగుడు ఒకటే. పిల్లలు ఇంటిని తిరిగి తండ్రి పేరున రాసెయ్యాలి, శిక్షా కాలం రద్దవుతుంది. కానుక ఇచ్చి నాలుగున్నరేళ్లయిన వాళ్లు తొందరపడి దరఖాస్తు పెట్టడం కూడా తప్పే. ఆ ఆరు నెలలు సొంత డబ్బుతో గడిపి, అరవై నెలలు నిండాక పెడితే ఆ కానుక ఊసే రాదు.

టాక్సు దెబ్బ వేరే ఉంది. ఈ లెక్కకి వేరే అంకెలు తీసుకుందాం: అన్నయ్య 1,60,000కి కొన్న ఇల్లు ఇవాళ 4,80,000 అనుకో. బతికుండగా నీకు గిఫ్టు ఇస్తే నీ కొనుగోలు ధర కూడా 1,60,000 కిందే లెక్క. అమ్మితే 3,20,000 లాభం, 15 శాతం చొప్పున 48,000 టాక్సు. ఆయన తదనంతరం వస్తే నీ కొనుగోలు ధర ఆ రోజు మార్కెట్ ధరే, అమ్మినా టాక్సు దాదాపు ఉండదు. పైగా పేరు మారితే 65 ఏళ్లు దాటిన వాళ్లకిచ్చే ప్రాపర్టీ టాక్సు రాయితీ, స్కూలు టాక్సు పెరగకుండా ఉండే కట్టడి, రెండూ పోతాయి.

అందుకే టెక్సస్‌లో ఈ పనికి లేడీ బర్డ్ డీడ్ రాయిస్తారు. ప్రెసిడెంట్ జాన్సన్ గారి భార్య పేరు అది. ఆయన తన ఆస్తి ఇలా రాశాడని చెప్పుకునేది కట్టుకథే, పేరు మాత్రం నిలిచిపోయింది. దాని సారం ఇదీ: బతికినంతకాలం ఇల్లు అన్నయ్యదే. అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టొచ్చు, రేపు మనసు మారితే రద్దు చేసుకోవచ్చు. పిల్లల్ని అడగక్కర్లేదు. పోయిన క్షణాన కోర్టుతో పని లేకుండా అందులో పేర్లున్న వాళ్లకి వెళ్తుంది. ఆయన చేతిలోంచి ఏదీ జారలేదు కాబట్టి అది కానుక కిందికి రాదు, అరవై నెలల గొడవ లేదు. నర్సింగ్ హోంలో చేరాక కూడా రాయించుకోవచ్చు. పాత ధర టాక్సు గొడవా లేదు, ప్రాపర్టీ టాక్సు రాయితీలూ పోవు.

కానీ ఈ డీడు రాయించేముందు టైటిల్ చూడు, అంటే ఇంటి హక్కు రికార్డులో ఎవరి పేరున ఉందో. వదిన పోయాక ఆ ఇంటి కాగితాలు ఎవరైనా ముట్టుకున్నారా? ఇక్కడ పెళ్లయ్యాక కొన్న ఇల్లు భార్యాభర్తలిద్దరిదీ. వదిన సగం ఇంకా ఆవిడ పేరునే వేలాడుతూ ఉంటుంది. విల్లు (వీలునామా) లేకపోతే, పిల్లలందరూ ఆ ఇద్దరికీ పుట్టినవాళ్లే అయితే, ఆ సగం చట్టప్రకారం అన్నయ్యకే వస్తుంది. అయినా రికార్డులో కనపడాలి కదా. దానికి అఫిడవిట్ ఆఫ్ హెయిర్‌షిప్ అని ఉంటుంది. కుటుంబం ఎరిగిన, ఆస్తిలో వాటా లేని ఇద్దరు సాక్షులు నోటరీ ముందు సంతకం చేస్తే కౌంటీలో రికార్డు చేస్తారు. విల్లు ఉంటే అది వేరే దారి, మనిషి పోయిన నాలుగేళ్లలోపే ప్రొబేట్‌కి పెట్టాలి. ఈ సగం తేల్చకుండా లేడీ బర్డ్ రాయిస్తే, అమ్మబోయిన రోజున టైటిల్ కంపెనీ "సగానికే హక్కుంది" అని తిప్పి పంపుతుంది.

డీడులో ఇంటి నంబరు, వీధి పేరు చాలవు. పాత దస్తావేజులో "లాట్ ఇంత, బ్లాక్ ఇంత, ఫలానా అడిషన్, ప్లాట్ రికార్డు ఫలానా వాల్యూం, పేజీ" అని ఉంటుంది. అది అక్షరం పొల్లుపోకుండా దిగాలి. మీ అక్కాతమ్ముళ్లిద్దరి పేర్లూ ఉండాలి. ఇద్దరిలో ఒకరు ముందే పోతే ఆ వాటా ఎవరికన్నదీ రాయించు. అది రాయకపోతే ఆ వాటా మళ్లీ ప్రొబేట్‌కే పోవచ్చు. నోటరీ అయ్యాక మెకిన్నీలోని కొలిన్ కౌంటీ క్లర్కు దగ్గర ఆయన బతికుండగానే రికార్డు చేయించు. సంతకాలయ్యాయి కదా అని బీరువాలో దాచిన డీడుతో తర్వాత నానా యాతనా పడాలి. రికార్డింగుకి అయ్యేది పదుల డాలర్లే.

సంతకం సంగతి అన్నిటికంటే సున్నితం. స్ట్రోక్ తర్వాత మాట తడబడినా బుద్ధి సరిగ్గా ఉండచ్చు. వెనకా ముందూ చూడకుండా సాయంత్రం అలసిపోయిన వేళ నోటరీని తీసుకెళ్లకు. పొద్దున టిఫిను అయ్యాక, వినికిడి మిషన్ పెట్టుకున్నాక, మీరిద్దరూ గది బయట ఉండగా లాయరే అడగాలి: ఈ ఇల్లు ఎవరిది, పిల్లలెంతమంది, ఈ కాగితం ఏం చేస్తుంది అని. తెలుగులో తప్ప చెప్పలేకపోతే బంధువు కాని దుబాసీని పెట్టాలి. అదే వారంలో ఆయన గ్రహింపు బాగుందని డాక్టరు చేత రెండు వాక్యాలు రాయించి ఫైల్లో పెట్టు. ఆ స్థితి దాటిపోతే పవర్ ఆఫ్ అటార్నీ మీద ఆధారపడాలి. అందులో స్థిరాస్తి అధికారం ఉందా, ఏజెంటు తన పేరున తాను రాసుకోవచ్చని విడిగా ఉందా చూడు. అచ్చు ఫారంలో రెండోది సాధారణంగా ఉండదు. ట్రాన్స్‌ఫర్ ఆన్ డెత్ డీడ్ (మనిషి పోయాక ఇల్లు ఫలానా వాళ్లకి చేరాలని రాసేది) అని మరొకటుంది, ఖర్చు తక్కువ, కానీ దాన్ని పవర్‌తో రాయడానికి టెక్సస్ చట్టం ఒప్పుకోదు.

నీ తమ్ముడు మూడేళ్లుగా అన్నయ్యతోనే ఆ ఇంట్లో ఉంటూ చూసుకున్నాడు కదా. తండ్రి ఇంట్లో కనీసం రెండేళ్లు కలిసి ఉండి, ఆయన నర్సింగ్ హోం దాకా వెళ్లకుండా ఆపిన కొడుక్కో కూతురికో ఇంటిని నేరుగా రాసేస్తే శిక్షా కాలం ఉండదు. దానికి డాక్టరు ఉత్తరం, ఆ అడ్రసుతో ఉన్న లైసెన్సు, టాక్సు రిటర్నులు, ఫోను బిల్లులు కావాలి. తండ్రి కొడుకింట్లో ఉంటే ఇది వర్తించదు, కొడుకే తండ్రి ఇంట్లో ఉండాలి. మనవాళ్ల ఇళ్లలో చాలావరకు జరిగేది మొదటిదే. మీకు ఇది కుదురుతుంది, అయినా నేనైతే దీన్ని ఆసరాగా ఉంచుకుని లేడీ బర్డే రాయిస్తాను. ఇప్పుడే రాసిచ్చేస్తే పాత ధర టాక్సు గొడవ మళ్లీ మొదటికొస్తుంది. ఆ రుజువులు మాత్రం ఇప్పుడే పోగు చెయ్యి.

లివింగ్ ట్రస్ట్ (బతికుండగానే ఆస్తిని ట్రస్టు పేరున పెట్టడం) పెట్టమని ఎవరో అన్నారన్నావు. ఎప్పుడైనా రద్దు చేసుకోగల ట్రస్టు మెడికెయిడ్ దగ్గర ఏ రక్షణా ఇవ్వదు, పైగా ఇంటిని మినహాయింపులోంచి బయటికి లాగొచ్చు. రద్దు చెయ్యలేని ట్రస్టు పనికొస్తుంది, కానీ దానికి ఐదేళ్ల ముందుచూపు ఉండాల్సింది.

ఇదంతా టెక్సస్ మాట. లేడీ బర్డ్ చెల్లేది ఫ్లోరిడా, మిషిగన్, వెర్మాంట్, వెస్ట్ వర్జీనియా లాంటి కొద్ది చోట్లే. కొన్ని రాష్ట్రాలు ప్రొబేట్ బయటి ఆస్తినీ పట్టుకుంటాయి, మనిషి బతికుండగానే ఇంటి మీద లీన్ (బాకీ కింద హక్కు) వేస్తాయి. న్యూజెర్సీ స్నేహితుల అనుభవం ఇక్కడికి తెచ్చి అతికించకు.

ఇక తెనాలి పొలం. అసలు ముడి ఇదే. ఆయన ఉన్న ఇంటికే మినహాయింపు. అన్నయ్య పేరున పాసుపుస్తకం ఉన్న పొలం, హైదరాబాద్ ఫ్లాటు, ఎన్నార్వో ఖాతాలో (ప్రవాసులకి ఇండియా బ్యాంకులో ఉండే ఖాతా) డిపాజిట్టు, అన్నీ ఆ 2,000 డాలర్ల లెక్కలోకి వస్తాయి. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించి ఆయన పేరున ఏముందో, అన్నదమ్ముల మధ్య పంపకం కాని ఉమ్మడి వాటా ఎంతో రాసుకో. కోర్టు తగాదా వల్ల అమ్మడానికి వీల్లేకపోతే కాగితాలు చూపించి లెక్కలోంచి తీయించొచ్చు. గత ఐదేళ్లలో అక్కడ ఎవరికైనా గిఫ్టు రిజిస్ట్రేషన్ జరిగితే అదీ కానుకే. అది ఇండియాలోది కదా ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు. పదివేల డాలర్లు దాటిన విదేశీ ఖాతాలు ఎఫ్‌బార్‌లో (అమెరికా ప్రభుత్వానికి ఏటా ఇచ్చే విదేశీ ఖాతాల నివేదిక) చూపించాలి, మెడికెయిడ్ దరఖాస్తులో అబద్ధం రాస్తే అది నేరం. పొలం అమ్మి ఆ డబ్బు ఆయన సంరక్షణకి ఖర్చు పెట్టి, తర్వాత దరఖాస్తు పెట్టడమే తిన్నని దారి. ఆయన అమెరికా పౌరుడు కాబట్టి వ్యవసాయ భూమి కొనేది ఇండియాలో ఉండే భారతీయుడే అయ్యుండాలి.

మెడికెయిడ్ వచ్చాక సోషల్ సెక్యూరిటీలో నెలకి 75 డాలర్లు ఆయన చేతి ఖర్చుకి ఉంచి మిగతాది నర్సింగ్ హోం తీసుకుంటుంది. నెల ఆదాయం 2,901 దాటితే (ఇదీ 2025 లెక్కే) మిల్లర్ ట్రస్ట్ అనే ఖాతా పెట్టి ఆ డబ్బు దాని గుండా పంపాలి. అంటే ఇంటి టాక్సు, ఇన్సూరెన్సు, గడ్డి కోత, కరెంటు మీ ఇద్దరి జేబులోంచే. ఇల్లు నిలుపుకోవడమంటే అది కూడా. రసీదులన్నీ దాచు, రేపు క్లెయిము వస్తే అందులోంచి వాటిని తగ్గించమని అడగొచ్చు. తమ్ముడు వేరే ఊరు వెళ్తే ఇన్సూరెన్సు వాళ్లకి ముందే చెప్పు. ఇల్లు 30 లేదా 60 రోజులు ఖాళీగా ఉంటే కొన్ని నష్టాలకి పాలసీ ఇవ్వదు. వెళ్లేముందు రోడ్డు అంచున మీటరు పెట్టె మూత తీసి మెయిన్ వాల్వు కట్టెయ్యాలి, కుళాయిలు తిప్పి పైపుల్లో నీళ్లు వదిలెయ్యాలి. 2021 ఫిబ్రవరి మంచులో డల్లాస్ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో పైపులు పగిలాయో నీకు తెలుసు. అద్దెకిస్తే అద్దె ఆయన ఆదాయం అవుతుంది, నర్సింగ్ హోంకే పోతుంది. అమ్మితే ఆ రొక్కంతో మెడికెయిడ్ ఆగిపోతుంది.

ఆయన పోయాక రాష్ట్రం నుంచి ఉత్తరం, ప్రశ్నల కాగితం వస్తాయి. భయపడి అవతల పడెయ్యకు. లేడీ బర్డ్ డీడు నకలు, డెత్ సర్టిఫికెట్ జతచేసి జవాబు రాయి. కష్టనష్టాల కింద మాఫీ అడగాల్సివస్తే నోటీసు వచ్చిన 60 రోజుల్లో అడగాలి.

లాయరు విషయంలో, ఇమ్మిగ్రేషన్ చూసిన ఆయన, ఇల్లు కొన్నప్పటి ఆయన వద్దు. ఎల్డర్ లా (పెద్దవాళ్ల వ్యవహారాల చట్టం) చేసే వాళ్లనే పట్టుకో. "మెడికెయిడ్ దరఖాస్తులు మీరే వేస్తారా, ఈ కౌంటీలో లేడీ బర్డ్ రికార్డు చేయించారా" అని మొదటి ఫోన్లోనే అడుగు. వెళ్లేటప్పుడు అసలు దస్తావేజు, వదిన డెత్ సర్టిఫికెట్, ఐదేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఈసీలు పట్టుకెళ్లు.

శుక్రవారం నర్సింగ్ హోం అడ్మిషన్ కాగితాలు ఇస్తారన్నావు. అందులో "రెస్పాన్సిబుల్ పార్టీ" అన్న గీత మీద నీ పేరు ఊరికే రాయకు. తండ్రి బిల్లుకి పిల్లలు సొంతంగా హామీ ఉండాలని అడగడం ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. అన్నయ్య పేరు రాసి, కింద "ఏజెంటుగా" అని చేర్చి, ఆ తర్వాతే సంతకం పెట్టు.

బాబాయ్