పాప బాగానే ఉంది, మాత్ర ఆపవచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా పాపకు 11 ఏళ్లు. నిరుడు ఎడమ డొక్కలో చేతికి గట్టిగా గడ్డలా తగిలితే పరీక్షలు చేయించాం. సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ అన్నారు. ఎనిమిది నెలలుగా ఇమాటినిబ్ మాత్ర వేస్తున్నాం. ఇప్పుడు చక్కగా బడికి పోతోంది కానీ ఎత్తు పెరగడం లేదు. మాత్ర ఆపవచ్చా? మాది మేనరికం, అందుకే వచ్చిందా?

సమాధానం: ముందుగా మేనరికం సంగతి. ఈ జబ్బుకు దానితో సంబంధం లేదు. ఎముక మూలుగలోని ఒక మూలకణంలో 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు ఏర్పడుతుంది. అది పుట్టిన తర్వాత జరిగే మార్పే తప్ప తల్లిదండ్రులు ఇచ్చేది కాదు, కాబట్టి ఆ బాధను మీరిద్దరూ వదిలేయండి.

మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఆ జన్యువు తయారుచేసే ఎంజైమును ఇమాటినిబ్ అణచిపెడుతుంది గానీ మూలకణాలన్నింటినీ తుడిచిపెట్టదు. అందుకే ఎడమ డొక్కలో ఉండే ప్లీహం అనే అవయవం వాపు తగ్గి, రక్తకణాల లెక్క సరిపోయినా జబ్బు లోపల మిగిలే ఉంటుంది. పిల్లలు హుషారుగా కనిపించగానే ఒకరోజు వేసి ఒకరోజు మానేసే ఇళ్లను చూస్తుంటాం. అలాంటప్పుడే మందుకు లొంగని కణాలు తలెత్తే ప్రమాదం పెరుగుతుంది. పాప ఆరోగ్యాన్ని చూపుతో కాక, రక్తంలో ఆ జన్యువు ఎంత మిగిలిందో చూసేందుకు మూడు నెలలకోసారి చేసే పీసీఆర్ పరీక్షతో కొలవాలి. ఏడాది నిండేసరికి ఆ విలువ 0.1 శాతానికి దిగాలన్నది లక్ష్యం. ఆ రిపోర్టుల మాట మీరు రాయలేదు. చేయించకపోతే వెంటనే చేయించండి.

ఎత్తు గురించి మీ అనుమానం నిజమే. రజస్వల కాకముందే ఈ మందు మొదలుపెట్టిన పిల్లల్లో ఎదుగుదల మందగించడం పరిశోధనల్లో కనిపించింది, కొందరు యుక్తవయసులో కొంత పుంజుకుంటారు. ఇదే కోవ మందులైన డాసాటినిబ్‌కు 2017లో, నిలోటినిబ్‌కు 2018లో పిల్లల కోసం అమెరికాలో అనుమతి వచ్చింది గానీ వాటితోనూ ఈ ఇబ్బంది ఉంది, కనుక కేవలం ఎత్తు కోసం మందు మార్చమని నేను చెప్పను.

మందు ఎప్పటికైనా ఆపగలమా అన్నది పరిశోధకులనూ వేధిస్తున్న ప్రశ్నే. ఫ్రాన్స్‌లో రెండేళ్లకు పైగా పరీక్షలో జబ్బు జాడ దొరకని పెద్దవాళ్లకు మందు ఆపి చూస్తే, సుమారు 60 శాతం మందిలో అది తిరిగి కనిపించింది, ఎక్కువమందిలో ఆరు నెలల్లోపే. పిల్లల లుకేమియాల్లో సీఎంఎల్ వాటా రెండు మూడు శాతమే కావడంతో వారిపై అధ్యయనాలు చిన్నవిగానే సాగుతున్నాయి. ఎనిమిది నెలలకు ఆ ఆలోచన మరీ తొందర.

మాత్రను అన్నం తిన్నాక గ్లాసు నిండా నీళ్లతో వేయండి. మూడు నెలలకోసారి ఎత్తు, బరువు రాసిపెట్టి, ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ కాగితాన్ని పీసీఆర్ రిపోర్టులతో కలిపి డాక్టరుకు చూపించండి. అవసరమైతే వారే పిల్లల హార్మోన్ల నిపుణుడి దగ్గరికి పంపుతారు.