అప్‌డేట్ తర్వాత కారు రేంజ్ తగ్గింది, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మూడేళ్ల క్రితం సొంత వాడకానికి ఎలక్ట్రిక్ కారు కొన్నాను. ఫుల్ ఛార్జ్ చేస్తే తెర మీద 310 కిలోమీటర్లు చూపించేది. రెండు నెలల క్రితం రాత్రి ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తే ‘అంగీకరిస్తున్నాను’ నొక్కాను. మర్నాటి నుంచి 265 దాటడం లేదు. ఫాస్ట్ ఛార్జింగ్ కూడా నెమ్మదించింది. సర్వీస్ సెంటర్‌లో అడిగితే ‘బ్యాటరీ బాగానే ఉంది, భద్రత కోసం చేసిన మార్పు ఇది, పాత వెర్షన్ మళ్లీ వేయడం కుదరదు’ అన్నారు. సామర్థ్యం 70 శాతం కంటే తగ్గితేనే వారంటీ వర్తిస్తుందట. దూర ప్రయాణమంటేనే టెన్షన్‌గా ఉంది. ఒకసారి ఒప్పుకున్నాను కాబట్టి ఇక చేసేదేమీ లేదా?

జవాబు: చేసేది ఉంది. అయితే వినియోగదారుల కమిషన్ మెట్లు ఎక్కే ముందు మీ దగ్గరున్న ఆధారం ఏపాటిదో చూసుకోవాలి. ప్రస్తుతానికి మీ చేతిలో ఉన్నవి రెండే అంకెలు, 310, 265. రెండూ అంచనాలే.

బ్యాటరీలో మిగిలిన శక్తికి మీరు ఈమధ్య కారు నడిపిన తీరును జోడించి, ఇంకా ఇంత దూరం వెళ్లగలదని కారు వేసే లెక్క అది. ఏసీ, టైర్లలో గాలి, చలి, హైవే మీది వేగం అన్నీ దాన్ని మారుస్తాయి. అప్‌డేట్‌లో ఆ లెక్కను మాత్రమే సరిచేసి ఉంటే బ్యాటరీ ఎప్పటిలాగే ఉన్నట్టు, తెర నిజం చెప్పడం మొదలుపెట్టినట్టు. అప్పుడు మీకు కోపం రావడం సహజమే గానీ దాని మీద కేసు నిలవదు. అలా కాక, బ్యాటరీలోని సెల్స్ నిండా ఛార్జ్ కాకుండా గరిష్ఠ వోల్టేజీని దించేసి ఉంటే మాత్రం, తెర 100 శాతం చూపిస్తున్నా ట్యాంకు కొంత ఖాళీగా ఉన్నట్టే. మీరు డబ్బు పెట్టి కొన్న సామర్థ్యంలో కొంత భాగానికి తాళం పడినట్టు.

ఈ రెంటిలో ఏది జరిగిందో కరెంటు యూనిట్లు చెబుతాయి. ఒకే ఛార్జర్ మీద 10 శాతం నుంచి 100 వరకు ఛార్జ్ చేసి ఎన్ని యూనిట్లు ఎక్కాయో రాసుకోండి. ఇలా మూడు నాలుగుసార్లు చేయండి. తర్వాత ఛార్జింగ్ యాప్‌లో అప్‌డేట్‌కు ముందు నాటి బిల్లులు వెతకండి. చాలామంది వాటిని పట్టించుకోరు గానీ, ఇలాంటి కేసులో వాటికి మించిన సాక్ష్యం దొరకడం కష్టం. అదే శాతం నుంచి అదే శాతానికి ఎక్కే యూనిట్లు ఒక్కసారిగా, అదీ అప్‌డేట్ తేదీ నుంచే తగ్గితే, మీ కేసుకు కాళ్లు వచ్చినట్టే. స్క్రీన్‌షాట్లు, యాప్ రికార్డులు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇవ్వాల్సిన ధ్రువపత్రం మరిచిపోవద్దు. అప్‌డేట్‌తో వచ్చిన వివరణను కూడా ఫొటో తీసి ఉంచండి.

ఇక ‘అంగీకరిస్తున్నాను’ సంగతి. ఆ వివరణలో ‘పనితీరు మెరుగుదల’ అని రాసి రేంజ్ తగ్గుతుందన్న ముక్క దాచి ఉంటే, తెలియని విషయానికి మీరు ఒప్పుకున్నారనడం కంపెనీకి అంత తేలిక కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం కొనుగోలుదారుకు అవసరమైన సమాచారాన్ని తెలిసీ దాచి నష్టం కలిగించడం సేవాలోపం కిందికే వస్తుంది. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లో మార్పులు చేశారంటూ ఐటీ చట్టం 43వ సెక్షన్‌ను ముందుకు తెచ్చేవారూ ఉన్నారు. మీరు బటన్ నొక్కారు కాబట్టి మీకు ఆ దారి బలహీనం. కంపెనీ పెట్టిన ఒప్పంద షరతులే అన్యాయమని వాదించాలంటే జిల్లా కమిషన్‌ను దాటి రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఇంత చిన్న విషయానికి అంత దూరం వెళ్లమని నేను చెప్పను.

వారంటీలోని 70 శాతం వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు పెట్టిన గీత. ఒక్క రాత్రిలో సాఫ్ట్‌వేర్ కోసేసినదాన్ని అరుగుదల అనలేం. పైగా ఆ శాతాన్ని కొలిచేది కూడా కంపెనీ సాఫ్ట్‌వేరే! తరాజు వాళ్లదే, తూకం రాళ్లూ వాళ్లవే. అందుకే తగిన ప్రయోగశాలలో పరీక్ష చేయించమని వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్‌ను కోరండి. దాని ఫీజు ముందుగా మిమ్మల్నే కట్టమనవచ్చు.

కంపెనీ చేతిలో ఉన్న గట్టి ఆయుధం భద్రత. మంటలు రాకుండా జాగ్రత్త పడ్డామంటే ఏ కమిషన్ అయినా ఆగి వింటుంది, వినాలి కూడా. కాబట్టి పాత వెర్షన్ వేయించమన్నది మీ ప్రధాన కోరిక కాకూడదు. దానికి బదులు ఒక ప్రశ్న వేయండి. బ్యాటరీ బాగానే ఉంటే దాన్ని నిండా నింపడానికి భయం దేనికి? నిండా నింపితే ప్రమాదమైతే అందులో లోపం ఉన్నట్టు కాదా? ‘బాగానే ఉంది’, ‘భద్రత కోసం’ అన్న రెండు మాటలూ ఒకే నోటి నుంచి రావడమే మీకు బలం. లిథియం సెల్స్ వయసు పెరిగేకొద్దీ జాగ్రత్తగా వాడాలని వాళ్లు జవాబివ్వొచ్చు. అలాగైతే ఆ మాట కారు అమ్మేటప్పుడు ఎందుకు చెప్పలేదన్నది మీ తర్వాతి ప్రశ్న.

2020లో షెవర్లే బోల్ట్ కార్లకు మంటల భయంతో జనరల్ మోటార్స్ సాఫ్ట్‌వేర్ ద్వారా ఛార్జింగ్‌ను 90 శాతానికి పరిమితం చేసింది. అది తాత్కాలిక కట్టు మాత్రమే, చివరికి 2021లో బ్యాటరీ మాడ్యూళ్లు మార్చే పనికి పూనుకోవాల్సి వచ్చింది. టెస్లా 2019లో ఇచ్చిన అప్‌డేట్‌తో కొన్ని మోడల్ ఎస్ కార్లలో గరిష్ఠ వోల్టేజీ తగ్గింది. అమెరికాలో దానిపై వేసిన దావా 2021లో 15 లక్షల డాలర్లకు రాజీ అయింది, అందులో లాయర్ల ఫీజులు పోను 1,743 కార్లకు ఒక్కొక్కదానికి 625 డాలర్ల చొప్పున. రాజీ అంటే తీర్పు కాదు, పైగా విదేశీ వ్యవహారం మన కమిషన్లను కట్టిపడేయదు. అయినా ఇలాంటివి జరుగుతాయని చూపించడానికి పనికొస్తుంది.

ముందుగా తయారీ కంపెనీకి, డీలర్‌కు ఇద్దరికీ లీగల్ నోటీసు పంపండి. ఏ వెర్షన్‌లో గరిష్ఠ వోల్టేజీ, ఛార్జింగ్ వేగం ఎంత మారాయో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. జవాబు దాటవేస్తే ఆ మౌనం కూడా ఫైల్లో చేరుతుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తే కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. లేకపోతే జిల్లా కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. అదే మోడల్ వాడేవాళ్లు మరికొందరు దొరికితే అదే చట్టం 35వ సెక్షన్ కింద కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు పెట్టొచ్చు. గడువు రెండేళ్లు, అప్‌డేట్ తేదీ నుంచే లెక్కపెట్టుకోండి.

ఆ చట్టంలోని ‘ఉత్పత్తి బాధ్యత’ అధ్యాయం కింద వేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అక్కడ ‘హాని’ నిర్వచనంలో వస్తువుకే జరిగిన నష్టం రాదు. మీది లోపం, సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి కింద వేయాల్సిన ఫిర్యాదు. బ్యాటరీ మరమ్మతో మార్పిడో, లేదంటే తగ్గిన సామర్థ్యానికి పరిహారమో కోరండి. కారు మొత్తం ధర వెనక్కి ఇమ్మని మొదలుపెడితే అసలు కోరిక కూడా అతిగా కనిపిస్తుంది. బ్రోషర్‌లోని రేంజ్‌ను పట్టుకుని వాదించవద్దు. అది ప్రయోగశాల పరీక్షలో వచ్చిన అంకె అని కంపెనీ వెంటనే చెబుతుంది. మీకు కావాల్సింది మీ కారే నిన్న ఎలా ఉంది, ఇవాళ ఎలా ఉంది అన్న పోలిక.

ఈలోగా మరో అప్‌డేట్ వస్తే నొక్కే ముందు తెర మీద వచ్చిన వివరణను ఫొటో తీయండి, ముందూ వెనకా యూనిట్లు రాసుకోండి. పోయిన రేంజ్ తిరిగి వచ్చినా రావచ్చు. వస్తే కేసు పోయిందనుకోకండి. బ్యాటరీ తనంతట తాను అరగలేదని ఆ అంకెలే చెబుతాయి, మధ్యలో పోయిన నెలలకు పరిహారం అడగవచ్చు.