పార్టీ సభ్యత్వం ఉంటే సర్కారు ఉద్యోగం రాదా?

ప్రశ్న: మాది అనంతపురం. చాలా ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అబ్బాయి బీకాం ఫైనలియర్. బీజేపీలో సభ్యత్వం తీసుకుని సాయంత్రమైతే బూత్ పనంటూ వెళ్లిపోతున్నాడు. సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగానికి పనికిరాకుండా పోతాడేమోనని భయం. మాన్పించమంటారా?

జవాబు: సభ్యత్వం ఒక్కదానివల్ల ఉద్యోగం పోదండీ. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళిలో 5వ నిబంధన పార్టీ సభ్యత్వం కూడదంటుంది, కానీ అది ఉద్యోగంలో ఉన్నవాళ్లకు. చేరేముందు పార్టీకి రాజీనామా ఇస్తే సరి. ఆర్.ఎస్.ఎస్., జనసంఘ్ (బీజేపీకి ముందున్న పార్టీ) కార్యక్రమాల్లో తిరిగాడని మధ్యప్రదేశ్‌లో ఒక టీచరును తీసేస్తే, అది చెల్లదని 1983లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు ఇచ్చింది మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి.

భయపడాల్సింది కేసులకు. ధర్నాలో తోపులాట జరిగి ఎఫ్.ఐ.ఆర్.లో పేరెక్కితే, ఉద్యోగానికి ఎంపికైనవాళ్లు తమ వివరాలు రాసిచ్చే అటెస్టేషన్ ఫారంలో ఆ సంగతి రాయక తప్పదు. దాచి తర్వాత దొరికిపోతే, ఆ దాచడమే ఉద్యోగం మీదికి తెస్తుంది. కోర్టులో కేసు నడుస్తుంటే పాస్‌పోర్టుకూ చిక్కే.

ఫోన్ సంగతీ చూడండి. అమెరికా వీసా ఫారంలో 2019 నుంచి సోషల్ మీడియా ఖాతాలు అడుగుతున్నారు. పార్టీని మెచ్చుకోవడం వేరు, ఒక మతాన్నో ‘బయటివాళ్ల’నో తిట్టే పోస్టులు పంచడం వేరు. కె.ఆర్.పురానికి మీరూ బయటినుంచి వచ్చినవాళ్లే కదా! ఈ మాట మీరే వాడితో కూర్చుని, కోప్పడకుండా మాట్లాడండి.

మాన్పించమని మాత్రం నేను చెప్పను. ఓటర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం, కొత్త ఓటరు చేత ఫారం 6 నింపించడం, విసుక్కునే మనిషితో కన్నడలో ఓపిగ్గా మాట్లాడడం ఏ బీకాం క్లాసులోనూ నేర్పరు. వెంకయ్యనాయుడుగారు విద్యార్థి ఉద్యమాల్లో తిరుగుతూనే విశాఖలో లా చదివారు, తర్వాత కర్ణాటక నుంచే రాజ్యసభకు వెళ్లారు. అయితే అలాంటి దారి వేలల్లో ఒకరికి దొరుకుతుంది. బూత్ కార్యకర్తకు నెల జీతం ఉండదు, టికెట్ ఎవరికొస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే చేతిలో డిగ్రీ ఉండి తీరాలి. డిగ్రీ అయ్యాక కూడా రాజకీయాల మీదే మనసుంటే, చట్టసభల పనిమీద పరిశోధన చేసే పీ.ఆర్.ఎస్. సంస్థవారి లాంప్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టమనండి. స్టైపెండ్ తీసుకుంటూ ఒక ఎంపీ దగ్గర పని నేర్చుకోవచ్చు.

ముందు మార్కుల మెమో తెచ్చి చూపించమనండి. సబ్జెక్టులు మిగిలి ఉంటే, అవి పాసయ్యేదాకా బూత్ పని ఆదివారాలకే పెట్టుకోమనండి.