సృష్టికర్త అవసరం లేదనే వాదనలకు నేను ఇచ్చిన జవాబులు, వాటిలో నిలిచినవి

విశ్వం, జీవం ఎలా వచ్చాయో సైన్స్ చెప్పగలుగుతున్నప్పుడు సృష్టికర్తతో పనేమిటి, దీనికి క్రైస్తవులు ఏమంటారు అని అడిగారు. నేను పన్నెండేళ్లుగా సండే స్కూలులో పెద్ద పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఈ ప్రశ్నకు నేను చాలా జవాబులు ఇచ్చాను, వాటిలో సగం తప్పు. ముందు ఆ తప్పుతోనే మొదలుపెడతాను.

బాక్టీరియా ఈదడానికి వాడే తోకను కశాభం అంటారు. దాని మొదట్లో నిజంగానే గిర్రున తిరిగే మోటారు ఉంటుంది. ‘ఇందులో ఒక్క భాగం తీసినా ఇది దేనికీ పనికిరాదు. కాబట్టి మెల్లమెల్లగా పరిణామంలో వచ్చి ఉండదు, ఎవరో అమర్చినదే’ అని బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పేవాణ్ణి. పిల్లలు కళ్లప్పగించి వినేవారు. నాకూ గర్వంగా ఉండేది.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి తర్వాత మైక్రోబయాలజీ చదివింది. సెలవులకు వచ్చినప్పుడు, అందరూ వెళ్లిపోయేదాకా ఆగి అడిగింది: “అన్నయ్యా, కొన్ని బాక్టీరియాలు మన కణాల్లోకి విషపు ప్రోటీన్లు ఎక్కించడానికి సూదిలాంటిది ఒకటి వాడతాయి. ఆ సూదిలోని ప్రోటీన్లు, మీరు చెప్పిన మోటారు అడుగు భాగంలోని ప్రోటీన్లు ఒకే కుటుంబానివి. మరి మిగతా భాగాలు లేకపోతే పనికిరాదని ఎలా అంటాం?” ఆ రెండింటిలో ఏది ముందు వచ్చిందన్నది వేరే చర్చ. నా మాట మాత్రం నిలవలేదు. ఆరా తీస్తే, 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో డోవర్ పాఠశాలల కేసులో ఈ వాదన న్యాయస్థానం దాకా వెళ్లి ఓడిపోయిందని తెలిసింది. అక్కడ దాన్ని ఖండిస్తూ సాక్ష్యం చెప్పిన జీవశాస్త్రవేత్త కెన్నెత్ మిల్లర్ స్వయంగా కాథలిక్కు. ఓటమి కన్నా ఆ సంగతే నన్ను ఎక్కువ కుదిపింది.

సైన్స్‌కు ఇంకా తెలియనిచోట దేవుణ్ణి కూర్చోబెడితే, తెలిసిన రోజున ఆయనను అక్కడినుంచి లేపాల్సి వస్తుంది. గ్రహాల గతులను దేవుడు అప్పుడప్పుడు సరిచేయాల్సి ఉంటుందని న్యూటన్ అనుకున్నాడు. తర్వాత ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త లాప్లాస్ లెక్కలు ఆ అవసరం లేదన్నాయి. ఈ ప్రమాదం గురించి హెచ్చరించినవారిలో విశ్వాసులూ ఉన్నారు. 1890లలో స్కాట్లండ్ సువార్తికుడు హెన్రీ డ్రమండ్ ఈ మాట చెప్పాడు. 1944లో నాజీల జైలు నుంచి రాసిన లేఖలో జర్మన్ పాస్టర్ బోన్‌హోఫర్ కూడా అదే అన్నాడు: దేవుణ్ణి మనకు తెలియనివాటిలో కాదు, తెలిసినవాటిలో వెతకాలి.

విశ్వం మహావిస్ఫోటంతో (బిగ్ బ్యాంగ్) మొదలైందన్న సిద్ధాంతం విషయంలో మనవాళ్లు దీనికి తిరగేసిన పొరపాటు చేస్తారు. ‘చూశారా, విశ్వానికి ఆరంభం ఉందని సైన్సే ఒప్పుకుంది’ అని సంబరపడతారు. విశ్వం విస్తరిస్తోందని 1927లో, అది ఒక ఆదిమ పరమాణువు నుంచి మొదలై ఉంటుందని 1931లో ప్రతిపాదించిన జార్జ్ లెమైటర్ బెల్జియంకు చెందిన కాథలిక్ గురువు. 1951లో పోప్ పన్నెండవ పయస్ ఈ సిద్ధాంతాన్ని ఆదికాండంలోని ‘వెలుగు కలుగుగాక’ అన్న మాటకు దాదాపు సాక్ష్యంగా చూపినప్పుడు, సంతోషించాల్సిన లెమైటర్ ఇబ్బంది పడ్డాడు. తన సిద్ధాంతం భౌతికశాస్త్రం, అది దేవుడున్నాడనీ చెప్పదు, లేడనీ చెప్పదు అన్నది ఆయన పట్టుదల. మరుసటి ఏడాది ఖగోళ శాస్త్రవేత్తల సభలో పోప్ ఆ పోలిక మళ్లీ తేలేదు.

మరి నిలిచే జవాబు ఏది? నా దృష్టిలో అది పదమూడవ శతాబ్దపు క్రైస్తవ వేదాంతి అక్వినాస్‌ది. విశ్వానికి ఆరంభమే లేకపోయినా అది సృష్టే అవుతుందంటాడు ఆయన. ఆరంభం ఉందని ఆయన బైబిలు వాక్యాన్ని బట్టి నమ్మాడు, అయితే దాన్ని తర్కంతో రుజువు చేయలేమన్నాడు. సృష్టి అంటే ఎప్పుడో జరిగిన మొదటి సంఘటన కాదు, ఉన్నదంతా ఈ క్షణం కూడా దేవుడి మీద ఆధారపడి ఉండటం. ఇది ఒంటబట్టాక పరిణామం నాకు పోటీదారుగా కనిపించడం మానేసింది. గురుత్వాకర్షణ వంటి నియమం ఉంది కాబట్టి విశ్వం శూన్యం నుంచి తనంతట తానే పుట్టగలదని 2010లో స్టీఫెన్ హాకింగ్ రాసినదానికీ ఇక్కడే జవాబు ఉంది. నియమం ఉందంటే అది శూన్యం కాదు. ఆ నియమం ఎందుకు ఉంది? ‘మరి దేవుణ్ణి ఎవరు చేశారు?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. దేవుడు పుట్టిన వస్తువుల్లో ఒకడు కాడు అన్నది మా జవాబు. వినడానికి తప్పించుకున్నట్టే ఉంటుందని ఒప్పుకుంటాను. అయితే వివరణ ఎక్కడో ఒకచోట ఆగాలి. నియమాల దగ్గర ఆగుతామా, వాటి వెనుక ఉన్నవాని దగ్గర ఆగుతామా అన్నది ఏ టెలిస్కోపూ తేల్చదు.

గురుత్వాకర్షణ బలం వంటి ప్రకృతి స్థిరాంకాలు జీవానికి సరిపోయేలా సరిగ్గా అమరాయన్న వాదన ఆకర్షణీయమే. విశ్వాలు లెక్కలేనన్ని ఉంటే వాటిలో ఒకటైనా జీవానికి సరిపోతుందనే బహుళ విశ్వాల ఊహ దానికి ఎదురుగా ఉంది కాబట్టి నేను దానిమీద బరువు మోపను. ఇక భూమి వయసు ఆరువేల ఏళ్లని పట్టుబట్టే సోదరులకు ఒక్క మాట: రాళ్లు చెప్పే వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. ఆదికాండంలోని దినాలు మనకు తెలిసిన మామూలు దినాలు కావేమోనని తొలి శతాబ్దాల క్రైస్తవ వేదాంతి అగస్టీన్ డార్విన్‌కు పద్నాలుగు శతాబ్దాల ముందే రాశాడు. నక్షత్రాల గురించి తెలిసీ తెలియకుండా మాట్లాడితే, పునరుత్థానం గురించి మనం చెప్పేది మాత్రం ఎవరు నమ్ముతారని కూడా ఆయనే అడిగాడు.

అసలు కష్టమైన ప్రశ్న ఇవేవీ కావు. దాన్ని కూడా ఆ అమ్మాయే అడిగింది. ఒక జాతి కందిరీగ బతికున్న గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు దాన్ని లోపలినుంచి తింటూ పెరుగుతాయి. దయగల దేవుడు దీన్ని కావాలని సృష్టించాడని నమ్మలేకపోతున్నానని డార్విన్ 1860లో ఆసా గ్రే అనే వృక్షశాస్త్రవేత్తకు రాశాడు. గ్రే ప్రెస్బిటీరియన్ విశ్వాసి, అమెరికాలో డార్విన్‌కు గట్టి మద్దతుదారు. ఆదాము పాపం వల్లనే ప్రకృతిలోకి చావు వచ్చిందని మేము చిన్నప్పుడు నేర్చుకున్నాం. మనిషి రాకముందు కోట్ల ఏళ్లనాటి శిలాజాల్లోనే వేట, జబ్బు కనిపిస్తున్నాయి. భౌతికశాస్త్రం వదిలి ఆంగ్లికన్ గురువైన జాన్ పోకింగ్‌హార్న్ మరో దారి చూపాడు: దేవుడు సృష్టికి తనను తాను రూపొందించుకునే స్వేచ్ఛ ఇచ్చాడు, ఆ స్వేచ్ఛకు వెల ఉంది. మంచి ఆలోచనే, కానీ ఆ వెల కట్టింది గొంగళిపురుగు. దాన్ని ఎవరూ అడగలేదు. నేను సిలువ వైపు చూస్తాను, బాధపడే సృష్టిలోకి దేవుడు తానే దిగివచ్చాడని నమ్ముతాను. అది నా విశ్వాసం. ఆ అమ్మాయి ముందు దాన్ని రుజువుగా పెట్టలేదు.

ఆమె ఇప్పుడు ఆరాధనకు వస్తోందా అని అడుగుతారేమో. కొన్ని ఆదివారాలు వస్తుంది, కొన్ని రాదు. వచ్చినప్పుడు పెద్ద పిల్లలకు పరిణామం గురించి తనే చెబుతుంది. కశాభం బొమ్మ నాకన్నా బాగా వేస్తుంది, పక్కనే ఆ సూది బొమ్మ కూడా.