‘ఒక’ను తెలుగు ఆర్టికల్ అనవచ్చా?

సందేహం: నేను ఏడో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. ‘షీ ఈజ్ ఎ టీచర్’ అనే వాక్యానికి ‘ఆమె ఒక టీచరు’ అని అర్థం చెప్పిస్తే పిల్లలు ఆర్టికల్ మరిచిపోరని మా బడిలో అలవాటు. ‘ఆమె టీచరు’ అంటే చాలదా? అసలు ‘ఒక’ను మన ఆర్టికల్ అనవచ్చా?

సమాధానం: చాలు. ‘ఆమె టీచరు’ నిండు వాక్యమే. ‘మా అమ్మాయి ఇంజనీరు’ అంటాం గానీ ఇంట్లో ఎవరమూ ‘మా అమ్మాయి ఒక ఇంజనీరు’ అనం.

అయితే మీ రెండో ప్రశ్న వెనక మంచి కథ ఉంది. ఇంగ్లీషు ‘ఎ’ పుట్టింది అంకెలోంచే. పాత ఇంగ్లీషులో ‘ఆన్’ అంటే ఒకటి. ఒత్తి పలికిన చోట అది మారుతూ మారుతూ ‘వన్’ అయింది. తేల్చి పలికిన చోట ‘యాన్’గా మిగిలి, హల్లు ముందు నకారం కూడా పోగొట్టుకుని ‘ఎ’ అయింది. ఆ నకారం పక్క మాటలనూ కదిపింది. వంట చేసేటప్పుడు కట్టుకునే ఏప్రన్ ఒకప్పుడు ‘నేప్రన్’. ‘ఎ నేప్రన్’ను జనం ‘యాన్ ఏప్రన్’గా విడదీసుకున్నారు. నిక్‌నేమ్‌ది దీనికి ఎదురు దారి. ‘ఈక్’ అంటే అదనం. ‘యాన్ ఈక్‌నేమ్’ అంటే అదనపు పేరు. ఆర్టికల్‌లోని నకారం వెళ్లి పేరుకు అతుక్కుంది.

మన ‘ఒక’ అంతగా అరగలేదు గానీ, ఇంగ్లీషు సాయం లేకుండానే ఆ దారిలో కొంత దూరం నడిచింది. ‘అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు.’ వినేవాళ్లకు తెలియని రాజును ‘ఒక’ పరిచయం చేస్తుంది, తెలిశాక ‘ఆ’ మళ్లీ చూపిస్తుంది. ‘ఎ కింగ్’, ‘ద కింగ్’ చేసే పని ఇదే. మీ పిల్లలకు ఆర్టికల్స్ నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. కాకపోతే ఇంగ్లీషులో ఆర్టికల్ వదిలేస్తే తప్పు, మనకు ‘పుస్తకం కొన్నాను’ అంటే సరిపోతుంది. అందుకే ‘ఒక’ను పూర్తిగా ఆర్టికల్ అనడానికి నాకు మనసొప్పదు.

వేమన చేతిలో ఈ మాట ఎంత బలంగా ఉందో చూడండి. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడచూడ రుచుల జాడ వేరు’. ఇక్కడ ‘ఒక్క’ అంటే ‘ఒకే’. దానికి ఎదురుగా రెండో పాదం చివర ‘వేరు’ వచ్చి నిలబడింది. పద్యం బరువంతా ఈ రెండు మాటల మీదే ఉంది. అలాంటి మాటను ఈరోజు టీవీల్లో, అనువాదాల్లో ‘ఇది ఒక మంచి అవకాశం’, ‘అది ఒక అందమైన ప్రదేశం’ అంటూ ప్రతి పేరు ముందూ ఊరికే నిలబెడుతున్నారు. తీసేసి చదవండి, ఏ లోటూ ఉండదు.

‘ఒక పదిమంది’లో ఉజ్జాయింపు, ‘నువ్వూ ఒక మనిషివేనా’లో ఈసడింపు ఉన్నాయి. వాటి జోలికి పోవద్దు. ‘ఆయన ఒక కవి’ని కూడా తప్పని కొట్టేయలేను, కవుల్లో ఒకరనే అర్థంలో అది నిలుస్తుంది. కానీ బడిలో గుర్తు కోసం ‘ఒక’ చేర్పించడం మాత్రం దయచేసి మానండి. దానివల్ల తెలుగు చెడుతుంది, ఇంగ్లీషూ రాదు. ‘సన్’ ముందు ‘ద’ ఉండాలనీ, ‘వాటర్’ ముందు ‘ఎ’ పెట్టకూడదనీ ఆ ‘ఒక’ వాళ్లకు చెప్పదు.